అపచారం ఎవరిది?

పోయిన నెల మా ఇంటికి మా వదినగారొచ్చారు. వదినంటే మావారి అక్కగారు. ఆవిడ వస్తున్నారంటే నాకు సగం సంతోషం, సగం పరీక్ష. వంటింట్లో డబ్బాల మూతల దగ్గర్నుంచి పెరట్లో తులసికోట దాకా అన్నీ ఆవిడ కంటపడాల్సిందే, పడ్డవాటికల్లా మార్కులు పడాల్సిందే! ఈసారి మాత్రం ఆవిడ వంటింటి దాకా రానేలేదు. ముందుగదిలోనే ఆగిపోయారు.

సోఫా పక్కన మూలలో నేను కొత్తగా కొని పెట్టుకున్న దీపం వెలుగుతోంది. తోలుతో చేసిన లాంప్ షేడ్. నడుమెత్తు ఉంటుంది. ఒకవైపు సీతారాముల పట్టాభిషేకం, ఇంకోవైపు సంజీవి కొండ ఎత్తుకొస్తున్న ఆంజనేయులు. లోపల బల్బు వెయ్యగానే ఎరుపూ, పసుపూ, ఆకుపచ్చా అన్నీ కళకళలాడిపోతాయి. గోడమీద సన్నసన్న చుక్కలుగా వెలుగు పడుతుంది.

వదిన కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చూశారు.

"ఇదేమిటే? తోలా?"

"అవును వదినా, మేకతోలు. తోలుబొమ్మలు చేసేవాళ్ళు చేసింది."

"దేవుణ్ణి తీసుకొచ్చి కరెంటు బల్బుకి తొడుగు చేశారా? అపచారం! అపచారం!" అని లెంపలు వేసుకున్నారు. ఆ వెంటనే, "ఎంతేమిటి?" అన్నారు.

చెప్పాను. ఈసారి చెయ్యి లెంపల మీదికి వెళ్ళలేదు, గుండెమీదికి వెళ్ళింది.

"అంత పోశావా! ఆ డబ్బుతో ఇలాంటివి నాలుగొస్తాయే ఆన్‌లైన్లో! ప్లాస్టిక్కుది. అచ్చం ఇలాగే బొమ్మలుంటాయి. తడిగుడ్డ పెట్టి శుభ్రంగా తుడుచుకోవచ్చు కూడాను!"

చూశారూ, ఒక్క నిమిషంలో రెండు తీర్పులు! ఇది పాత కళని పాడుచెయ్యడం అని మొదటిది. ఇంత ఖరీదు దండగ, ఇలాంటిదే చవగ్గా దొరుకుతుంది అని రెండోది. ఆ మాటలు మా వదిన ఒక్కరివే అయితే కాఫీ కలిపి ఇచ్చి ఊరుకునేదాన్ని. కాని పెళ్ళిళ్ళలో విన్నాను, పేరంటాల్లో విన్నాను, సభల్లో పెద్దపెద్దవాళ్ళ నోట కూడా విన్నాను. ఆవిణ్ణి పెద్దావిడ కదా అని ఎదిరించలేదు. మీతో చెప్పుకోకపోతే మాత్రం నాకు నిద్రపట్టేట్టు లేదు.

ముందు ఆ దీపానిది ఏ ఊరో చెప్పాలి. శ్రీసత్యసాయి జిల్లాలో, ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అని ఒక పల్లె ఉంది. 2022లో కొత్త జిల్లాలు రాకముందు అది అనంతపురం జిల్లా. ధర్మవరం మనకెవరికీ చెప్పనక్కర్లేదు, ఎవరి బీరువా తలుపు తీసినా కనిపిస్తుంది. కాని ఆ పక్కనే ఉన్న నిమ్మలకుంట పేరు మనలో ఎంతమందికి తెలుసు? అక్కడ తరతరాలుగా తోలుబొమ్మలాట ఆడుతూ వచ్చిన కుటుంబాలున్నాయి. ఆ ఊరి కళాకారులు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. మరునాడు పేపర్లో ఫొటో చూసి మనం, "అబ్బ, ఎంత బావుందో!" అనుకుని పేజీ తిప్పేశాం. అంతే.

పచ్చి మేకతోలు తెచ్చి, వేడినీళ్ళలో నానబెట్టి, వెంట్రుకలన్నీ గీకి, సాగదీసి ఎండబెడితే అది కాగితంలా పలచబడి, వెలుతురు దూరేట్టు తయారవుతుంది. ఆ పని చూడ్డానికి అందంగా ఉండదు, వాసనా బావుండదు. దానిమీద బొమ్మ గీసి, నల్లటి గీతలు దిద్ది, చిన్నచిన్న ఉలులు పెట్టి చిల్లులు కొడతారు. రాముడి మెడలో హారం, సీతమ్మ చీర అంచు, ఆంజనేయుడి కిరీటం అన్నీ ఆ చిల్లులే. ఆపైన రంగులు వేస్తారు. ఆటకి వాడే బొమ్మలకైతే చేతులూ కాళ్ళూ విడివిడిగా చేసి, కదిలేట్టు కీళ్ళదగ్గర కలిపి కడతారు. మన ఆంధ్రదేశపు బొమ్మలు మరీ పెద్దవి, కొన్ని మనిషెత్తు ఉంటాయి. ఒక బొమ్మకి ఒక తోలు చాలదు.

మా అమ్మమ్మ చెబుతూ ఉండేది. ఊళ్ళో తోలుబొమ్మలాట అంటే పిల్లలు సాయంత్రమే చాపలు తీసుకెళ్ళి చోటు పట్టుకునేవారట. తెల్లటి తెర కట్టి, వెనకాల ఆముదం దీపాలు పెట్టేవారు. రామరావణ యుద్ధం తెల్లవార్లూ నడిచేది. మధ్యలో బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి పోట్లాడుకుంటుంటే నిద్రపోతున్న పిల్లలు కూడా లేచి కూచునేవారట. "ఆ రావణాసురుడు తెరమీదికి వస్తే పది తలకాయలూ ఊగుతుంటే, నాకు జ్వరమొచ్చిందే!" అని ఎనభై ఏళ్ళ వయసులో కూడా కళ్ళు పెద్దవి చేసి చెప్పేది.

ఆ ఆట ఏమైంది? ఎవరూ తిట్టలేదు, ఎవరూ ఆపలేదు. చూడ్డం మానేశారు, అంతే. 1932లో 'భక్త ప్రహ్లాద'తో తెలుగు తెర మాట్లాడ్డం మొదలెట్టింది. ఆ తరవాత టూరింగు టాకీసులొచ్చాయి, ఆపైన టీవీలొచ్చాయి, ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. తెల్లవార్లూ కూచుని రామాయణం చూసే ఓపిక మనకెక్కడిది? జాతరలకి పిలిచేవాళ్ళు తగ్గారు. బొమ్మలు పెట్టెలోకి వెళ్ళాయి. పెట్టెలోకి వెళ్ళిన బొమ్మ అన్నం పెట్టదు కదా!

ఇప్పుడు చెప్పండి, ఆ కుటుంబాలేం చెయ్యాలి? కళని నమ్ముకుని పస్తులుండాలా? లేక ఉలి అవతల పారేసి పట్నం వెళ్ళి ఇటుకలు మొయ్యాలా? ఈ రెండే మార్గాలనుకున్న రోజుల్లో, తోలుని బొమ్మగా కాక దీపానికి తొడుగుగా చెయ్యొచ్చునన్న ఆలోచన వచ్చింది. ఇనప తీగతో చట్రం కట్టి, తడితోలు దానికి బిగించి కుట్టి ఆరబెడితే డోలులా బిగుసుకుంటుంది. దానిమీద అదే గీత, అదే చిల్లు, అదే రంగు. ఆట అడిగేవాళ్ళు లేకపోయినా దీపం కొనేవాళ్ళు ఉన్నారు. పొయ్యి వెలిగింది.

దీన్నా మనం అపచారం అనేది?

నాకు అర్థంకాని విషయం ఒకటుంది. తోలుబొమ్మకి ప్రాణం ఎక్కడుంటుంది? వెనకాల ఉన్న దీపంలో. దీపం తీసేసి ఆ బొమ్మనే గోడకి తగిలిస్తే అది రంగు వేసిన తోలు ముక్క. మ్యూజియంలో అద్దాల పెట్టెలో పెట్టి, పైనుంచి ట్యూబులైటు వేసి, కింద చీటీ అంటించామనుకోండి, "కాపాడాం" అని మనం సంబరపడతాం గాని ఆ బొమ్మ చచ్చిపోయినట్టే. లాంప్ షేడ్ అలా కాదే! దానికి దీపం వెనకాలే ఉంది, ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. ఆముదం పోయి కరెంటొచ్చింది, తెర పోయి మా ముందుగది వచ్చింది. సాయంత్రం స్విచ్చి వేస్తే ఆంజనేయులు ఇప్పటికీ కొండ ఎత్తుకుని వస్తున్నాడు. మా అమ్మమ్మ చూసిన వెలుగే అది. సంప్రదాయం తెలిసినవాళ్ళే ఇది కనిపెట్టి ఉంటారు తప్ప, తెలియనివాళ్ళకి ఇది తట్టదు.

పోనీ దేవుడి బొమ్మ వాడకూడదంటారా? ఆ రోజు మా వదినగారు కట్టుకొచ్చింది ఏ చీరనుకున్నారు? శ్రీకాళహస్తి కలంకారీ! పమిటమీద కృష్ణుడు, చుట్టూ గోపికలు. ఆ కలంకారీ గుళ్ళలో వేలాడదీసే పెద్దపెద్ద తెరల కోసం పుట్టిన కళ. పురాణ కథలన్నీ గుడ్డమీద గీసి కట్టేవారు. అది కూడా ఒకప్పుడు ఆరిపోయే దశకొచ్చింది. 1950లలో కమలాదేవి చట్టోపాధ్యాయలాంటి వాళ్ళు పూనుకుని, కాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టిస్తేనే మళ్ళీ నలుగురు నేర్చుకున్నారు. ఆ తరవాత అది చీరైంది, దుప్పటైంది, దిండు గలీబైంది, చేతిసంచైంది. గుడిలో ఉండాల్సిన కృష్ణుణ్ణి మనం భుజాన వేసుకుని పెళ్ళికెళ్ళి, ఆ పమిటకే పప్పుచారు పోసుకుని వస్తున్నాం. అది అపచారం కాదు, ఇది అపచారమా?

అగరుబత్తి డబ్బాల మీద దేవుళ్ళు, శుభలేఖల మీద దేవుళ్ళు, కేలెండర్ల మీద దేవుళ్ళు... ఏడాది తిరిగేసరికి అవన్నీ ఎక్కడికి వెళుతున్నాయో మీకూ తెలుసు, మునిసిపాలిటీ బండివాడికీ తెలుసు. అప్పుడు లేవని చెయ్యి లెంపల మీదికి ఇప్పుడెందుకు లేస్తోంది? 1963లో 'లవకుశ' వస్తే బళ్ళు కట్టుకుని వెళ్ళి, తెరమీద రాముడు కనపడగానే హారతులిచ్చిన జాతి మనది. ఫిలిం మీద రాముడికి దణ్ణం పెట్టొచ్చు, తోలుమీద రాముడికి పెట్టకూడదా? ఆమాటకొస్తే ఫిలింకన్నా వందల ఏళ్ళు ముందు నుంచీ రాముడు తోలుమీదే ఉన్నాడు!

సంప్రదాయం అంటే కదలకుండా ఉండేదని మనకొక అపోహ. అనకాపల్లి జిల్లాలో వరాహనది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. చిన్నప్పుడు మనందరం ఆడుకున్న లక్కపిడతలు, బొంగరాలు అక్కడివే. అంకుడు కర్రని తరిణె మీద తిప్పుతూ లక్క ముక్క ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. మొగలిరేకుతో ఒత్తితే అద్దంలా మెరుస్తుంది. మధ్యలో అక్కడా రసాయన రంగులొచ్చాయి. పసిపిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మకి అవేం రంగులని బాధపడి, సి.వి. రాజుగారు చెట్టూ చేమల రంగుల కోసం ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేశారు. పసుపుకి పసుపుకొమ్ము, నీలానికి నీలిమందు, ఎరుపుకి జాఫరా గింజ. అలా మళ్ళీ పాత దారికి వచ్చిన ఏటికొప్పాకకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2023లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవం నాడు ఢిల్లీలో మన రాష్ట్రం శకటం మీద ఊరేగింది ఏటికొప్పాక బొమ్మలే. ఇప్పుడు అక్కడ లక్కపిడతలతో పాటు చెవిజూకాలు, గాజులు, పెన్నుల స్టాండ్లు కూడా చేస్తున్నారు. పాత రంగు వెతికి పట్టుకోడానికి కొత్త ప్రయోగాలు కావాల్సి వచ్చాయి. పాత పని నిలబడ్డానికి కొత్త వస్తువులు కావాల్సి వచ్చాయి. ఇందులో ఏది సంప్రదాయం, ఏది నవీనం? విడదీసి చెప్పండి చూద్దాం!

అలాగని కొత్తదల్లా నెత్తిన పెట్టుకోమని నేననడం లేదు. అందం చందం లేనివి కూడా వస్తున్నాయి. పనితనం తెలియనివాళ్ళెవరో పట్నంలో కూచుని కాగితం మీద గీసి పంపితే, పల్లెలో వాళ్ళు కిమ్మనకుండా చేసి పెట్టాల్సి వస్తోంది. తోలుని వెలుతురుకి అడ్డంగా పెట్టకుండా చెక్కకి అతికించి ట్రే చేశారనుకోండి, ఆ చిల్లులెందుకు, ఆ పనంతా ఎందుకు? కాళ్ళు తుడుచుకునే పట్టా మీద దేవుడి బొమ్మ వేస్తే నేనూ మా వదినతో కలిసి లెంపలేసుకుంటాను. నా కొలబద్ద ఒక్కటే. ఆ వస్తువుకి ఆ పనితనం అవసరమా, లేక పైపూతా? దీపానికి తోలు కావాలి, తోలుకి దీపం కావాలి. అలాంటి చోట కొత్తదనం కళకి కొత్త ఇల్లు కట్టినట్టు. తక్కిన చోట అద్దెకి తెచ్చిన నగ పెట్టినట్టు.

ఇక రెండో తీర్పుకొస్తాను. "ఇలాంటివే నాలుగొస్తాయి" అన్న మాట.

రావు! నాలుగూ కాదు, ఒకటి కూడా రాదు. ప్లాస్టిక్ రేకుమీద యంత్రం అచ్చేసిన రాముడు వేల ఇళ్ళలో ఒకేలా ఉంటాడు. మా ఇంట్లో ఆంజనేయుడి తోక చివర ఒక చిల్లు కొంచెం పక్కకి పోయింది. చూసినప్పుడల్లా అక్కడ ఎవరికో చెయ్యి నొప్పెట్టి ఉంటుంది, లేదా పిల్లాడు ఏడ్చి ఉంటాడు అనుకుంటాను. ఆ తప్పు నాకు ఎంతో ఇష్టం. అయినా ఇది నా పిచ్చి అనుకోండి, మీకు నచ్చక్కర్లేదు. ఖరీదు సంగతి మాత్రం మనం తేల్చుకోవాలి. ఎందుకంటే ఇక్కడ నేను కూడా ముద్దాయినే.

ఆ దీపం నేను విజయవాడలో ఒక ఎగ్జిబిషన్లో కొన్నాను. స్టాల్లో నా వయసే ఉండే ఒకావిడ కూచుని ఉంది. వేళ్ళ సందుల్లో ఎర్రరంగు ఇంకా పోలేదు. ధర చెప్పింది. నేనేం చేశాననుకున్నారు? బి.ఏ. చదివి, కళల గురించి నవలల్లో పేజీలకి పేజీలు రాసి, సభల్లో మాట్లాడే నేను, ఠక్కున సగానికి అడిగాను! ఆవిడ తల అడ్డంగా ఊపింది. నేను రెండడుగులు వెళ్ళి వెనక్కి తిరిగాను. మనకి అమ్మమ్మల నాటి విద్య కదా ఇది! చివరికి ఆరువందలు తగ్గించింది. నాకెంత గర్వం!

పాత పేపర్లో చుడుతూ ఆవిడే మాటలు కలిపింది. "చిల్లులు నేనే కొడతానక్కా. గీసేది మా ఇంటాయన. రంగులు నేనూ మా అత్తా వేస్తాం."

"పిల్లలు నేర్చుకుంటున్నారా?" అన్నాను, పత్రికలవాళ్ళలా.

"పెద్దోడికి ఉలి బాగా కుదిరిందక్కా. నాకన్నా సన్నంగా కొట్టేటోడు. ఇప్పుడు బెంగుళూర్లో పార్సిళ్ళు ఇచ్చే పని చేస్తాండాడు. నెల తిరిగేసరికి జీతం వస్తాది కదా!"

ఆవిడ ఏడవలేదు, నన్ను దెప్పిపొడవనూ లేదు. మామూలుగా చెప్పి దారం ముడివేసింది. నేను ఆటోలో కూచున్నాక గాని ఆ మాట నాకు తగల్లేదు.

నేను తగ్గించిన ఆరువందలు ఎక్కణ్ణుంచి పోయాయి? లెక్క వేసుకున్నాను. తోలు అమ్మినవాడు తగ్గించడు. రంగులూ, ఇనప తీగా కొట్లో చెప్పిన ధరకే కొనాలి. స్టాలు అద్దె, బస్సు టిక్కెట్టు, వైరు, బల్బు హోల్డరు... ఏదీ తగ్గదు. ఆ మొత్తంలో తగ్గడానికి వీలున్నది ఒక్కటే, చేతిపని కూలి. అందులోనూ ముందు ఎగిరిపోయేది ఎవరిది? ఇంట్లో ఆడవాళ్ళది. చిల్లులు కొట్టిన కోడలిదీ, రంగులు వేసిన అత్తగారిదీ. వాళ్ళ పనికి లెక్కేముంది, ఇంటిపనిలో భాగమే కదా!

ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ? "నువ్వు ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా!" అని మనల్ని ఎవరైనా అంటే ఒంటికి కారం రాసినట్టుంటుంది. మన వంటకీ, చాకిరీకీ విలువ కట్టడం లేదని వ్యాసాలు రాస్తాం, కథలు రాస్తాం. ఈ పేజీల్లోనే ఎన్నిసార్లు రాశామో! అలాంటి మనమే ఇంకో ఆడదాని చేతిపని దగ్గరికి వచ్చేసరికి, "అబ్బే, ఇంట్లో చేసుకునేదేగా, తగ్గించు" అంటాం. ఇంతకన్నా పెద్ద అపచారం నాకైతే కనపడదు.

మీరంటారు: "మేము మధ్యతరగతివాళ్ళం. అంతంత పెట్టి ఎక్కడ కొంటాం?" న్యాయమైన మాటే. నేనూ ఆ తరగతిదాన్నే, ఆ దీపం కోసం నాలుగు నెలలు చీటీ డబ్బు దాచాను. కాని ఒక్కటి చెప్పండి. పెద్ద షాపులో అద్దాల వెనక బొమ్మకి అంటించిన ధర చూసి ఎప్పుడైనా బేరమాడామా? హోటల్లో ఐదుగురం తిని, బిల్లు చేతికిస్తే సగానికి అడిగామా? అక్కడ చీటీని చూసి నోరు మూసుకుంటాం. ఇక్కడ మనిషిని చూసి నోరు తెరుస్తాం. స్తోమతు లేక ఆడే బేరం కాదిది. ఎదుటివాళ్ళకి కాదనే స్తోమతు లేదని తెలిసి ఆడే బేరం!

కొనలేకపోతే కొనక్కర్లేదు. దీపం దగ్గర నిలబడి చూసి, "ఎంత బాగా చేశారమ్మా!" అని వచ్చేస్తే తప్పులేదు. నాలుగు ప్లాస్టిక్ బొమ్మలు కొనే డబ్బుతో ఒక్క మంచి వస్తువు కొనుక్కోవచ్చు. అది కూడా కుదరకపోతే ఏటికొప్పాక కుంకంభరిణె ఉంది, విజయవాడ పక్కనే కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో చేసే చిన్న ఎడ్లబండి ఉంది. మన గృహప్రవేశాల్లో, నోముల్లో, పుట్టినరోజుల్లో పంచిపెట్టే ప్లాస్టిక్ బుట్టలూ, స్టీలు గిన్నెలూ ఎవరింట్లో వాడుతున్నారు? ఒకరి అటకమీంచి ఇంకొకరి అటక మీదికి ప్రయాణం చేస్తున్నాయి. ఆ సొమ్ములో సగం చేతిపనికి మళ్ళించినా చాలు, నిమ్మలకుంట పెద్దోళ్ళు కొందరైనా బెంగుళూరు నుంచి తిరిగొస్తారు.

ఇంకొక్కమాట. పట్నాల్లో ఖరీదైన దుకాణాలున్నాయి. అక్కడ ఇలాంటి దీపమే మూడింతల ధరకి అమ్ముతారు. దాని మెడలో అందమైన చీటీ ఒకటి వేలాడుతుంటుంది. దానిమీద డిజైను చేసినవారి పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. కింద సన్నటి అక్షరాల్లో "గ్రామీణ కళాకారుల చేతుల్లో రూపుదిద్దుకున్నది" అని ఉంటుంది. చేతులకి పేరుండదా? నేను నవల రాస్తే అట్టమీద నా పేరు వేస్తారు. "ఎవరో గృహిణి చేతుల్లో రూపుదిద్దుకున్నది" అని వేస్తే నేనూరుకుంటానా? డిజైనర్లు అక్కర్లేదని నేననను. తోలు మాడకుండా వేడి తక్కువుండే బల్బు పెట్టాలని, నిలబడేందుకు పీట ఎంత వెడల్పుండాలో చెప్పేవాళ్ళు కావాల్సిందే. కాని ఆలోచన చెప్పినవారి పేరు ఉన్నచోటే ఉలి పట్టినవారి పేరు కూడా ఉండాలి. ఉండేట్టు చెయ్యగలిగింది మనమే, అంటే కొనేవాళ్ళం.

నేనేం పెద్ద పుణ్యాత్మురాల్ని కాను. ఆ ఆరువందలూ తిరిగి ఇవ్వడానికి మర్నాడు ఎగ్జిబిషన్‌కి వెళ్ళాను. ముందురోజే ఆఖరట, పందిళ్ళు విప్పుతున్నారు. ఆవిడ పేరైనా అడగలేదే అని అప్పుడు గుర్తొచ్చింది. "ఎంతకిస్తావు?" అని నాలుగుసార్లు అడిగినదాన్ని, "నీ పేరేమిటమ్మా?" అని ఒక్కసారి అడగలేకపోయాను.

ఆ రాత్రి మా వదిన భోంచేసి, ముందుగదిలో ఆ దీపం పక్కనే కూచుని పేపరు చదువుకున్నారు. మంచి వెలుతురొస్తోందని ఒప్పుకున్నారు గాని, దండగ అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఫరవాలేదు. ఆవిడతో వాదన ఇంకా పదేళ్ళు పడుతుంది.

మీతో మాత్రం ఇప్పుడే చెబుతున్నాను. ఈసారి ఏ చేతిపని స్టాలు ముందు నిలబడ్డా, ధర అడిగేముందు రెండు ప్రశ్నలు అడగండి. ఎవరు చేశారు? ఏ ఊరు? ఆ రెండిటికీ జవాబు విన్నాక కూడా సగానికి అడగడానికి మీకు నోరొస్తే, అడగండి. నేనేం అననులెండి!